మల్లుడైన దళారి

పూర్వం ఒక రాజు తన కొలువుకు మల్లులను ఎంచుకోవడానికి కుస్తీ పోటీలు పెట్టాడు. అవి ముగిసేలోగా మల్లుల విడిదిలో బేరాలాడే దళారులు కనబడితే దేశం నుంచి వెళ్లగొడతానన్నాడు.

అయినా మంత్రి బావమరిది విరూపాక్షయ్య, కుర్ర మల్లులను ముందే ఒప్పందాల్లో బిగించాలని మల్లుడిలా లంగోటా కట్టుకుని విడిదికి వచ్చాడు. కాపలా ఉన్న సుంకులమ్మ అతన్ని గుర్తుపట్టింది. మంత్రి బంధువును అడ్డగిస్తే కొలువు ఊడుతుంది.

"తమరెవరు బాబూ?" అంది.

"చూస్తే తెలియడం లేదా? మల్లుణ్ణి."

"మంచివేళకు వచ్చారు. కొండడితో తలపడేవాడు లేక రాజుగారు గోదా దగ్గర కాచుక్కూర్చున్నారు. పదండి."

లోపల కొండడు తొడగొట్టిన చప్పుడు వినబడింది. విరూపాక్షయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను దళారినమ్మా," అన్నాడు మెల్లగా.

"ఆ మాట రాజుగారితో చెప్పమంటారా, కొండడితో చెప్పమంటారా?"

అప్పటికే విరూపాక్షయ్య వీధి మలుపు తిరిగాడు.