పంక్తి దరువు

అనగనగా ఒక సంస్థానం. రాజ్యం అనడానికి కాస్త చిన్నది. జమీ అంటే రాజావారికి కోపం. అందుకని అందరూ సంస్థానం అనే అనేవారు. ఊరు కొండపేరి. ఏలేవారు రాజా భూపాలరాయ బహద్దరు.

ఆ ఏడు రాజావారికి ఇంగ్లీషు పట్టుకుంది. జ్వరమైతే మూడు లంఖణాలతో దిగేది. ఇది దిగలేదు. మదరాసు నుంచి ఏకాంబరం మొదలియారు అనే పండితుణ్ణి పిలిపించి, కోటలోనే బస, భోజనం ఏర్పాటు చేశారు.

ఆ ఆస్థానంలో కామన్న అని ఒక హాస్యగాడు ఉండేవాడు. తనకూ ఇంగ్లీషు వచ్చునని చెప్పుకునేవాడు. అదంతా మందుసీసాల మీద అంటించిన కాగితాలు చూసి సొంతంగా నేర్చినది. "తాగే ముందు బాగా కుదపవలెను అన్న ముక్క దాకా వచ్చాను. అక్కడ ఆగింది. తరవాత సీసా కొనే జబ్బు రాలేదు" అనేవాడు.

ఒకనాడు మొదలియారు సభలో సెలవిచ్చాడు. "తెలుగులో ఎవరు చేరినా గుమిగూడారు అంటారు, ప్రభూ. ఎంత పేదతనం! ఇంగ్లీషులో సిపాయిలు మస్టర్ అవుతారు. భక్తులు కాంగ్రిగేట్ అవుతారు. పెద్దమనుషులు కన్వీన్ అవుతారు. మామూలు జనం అసెంబుల్ అవుతారు. గొర్రెలు ఫ్లాక్. తేనెటీగలు స్వార్మ్. ఎవరి క్రియాపదం వారిదే."

రాజావారు పొంగిపోయారు. "శుక్రవారం కలెక్టరు దొర వస్తున్నాడు. మన దండోరా ఇంగ్లీషులో పడాలి. ఎవరికి తగ్గ మాటతో వారిని పిలవాలి."

దండోరా వేసేవాడు గంగులు. మూడు తరాలుగా వస్తున్న డప్పుమాన్యం రెండెకరాలు దున్నుకుంటూ, ఆ గింజల మీదే ఆరుగురిని పోషిస్తున్నాడు. పాపం, మొదలియారు చెప్పినట్టే వీధిలో "మస్టర్, మస్టర్" అని అరిచాడు. ఏదో కొత్తరకం కూర అమ్ముతున్నారనుకుని ఒకావిడ చాట పట్టుకొచ్చి, వీసె ఎంతని అడిగింది.

ఆ సంగతి కోటకు చేరింది. "రేపటికి నోరు తిరక్కపోతే మాన్యం మొదలియారుగారి మేనల్లుడికి రాసిస్తాం. ఆ కుర్రవాడికి పదమూడు క్రియాపదాలు నోటికి వచ్చట" అన్నారు రాజావారు.

కామన్న లేచాడు. "ప్రభూ, నాది సీసా చదువు, తప్పుంటే మన్నించాలి. గంగులు నోరు విప్పకుండానే మనుషుల్ని పోగుచేస్తాడు కదా. మళ్ళీ ఈ మాటలు దేనికి?"

"పామరులు డప్పుకి వస్తారోయ్. గౌరవం గలవాడు క్రియాపదానికే కదులుతాడు. రేపు సభ చూడు. డప్పుకి మాలో ఒక్క పెద్దమనిషి లేచినా మాన్యం గంగులుదే. లేవకపోతే దానితోపాటు నీ ఉద్యోగమూ పోతుంది."

కామన్న బయటికి వచ్చి గంగుల్ని పట్టుకున్నాడు.

"ఏమోయ్ గంగులూ, రేపు నిప్పంటుకున్న దరువు వెయ్యి. దివానుగారు కూడా చెంబు పట్టుకుని పరిగెత్తుతారు."

"ఎయ్యను బాబూ."

"మాన్యం పోతుందయ్యా."

"పోతే పోనీండి. మా తాత నాడు కాడినించీ ఈ డప్పు అబద్దమాడలేదు. రేపు నేను ఉత్తినే ఎయ్యడం, ఎల్లుండి నిజంగా కొంప అంటుకోడం. అప్పుడెవడొస్తాడు?"

కామన్న తల గోక్కున్నాడు. ఇంత మంచివాణ్ణి కాపాడటం ఎంత కష్టం అనుకున్నాడు. పెళ్ళి దరువుకి పెళ్ళి కావాలి. చావు దరువుకి ఎవరైనా ఒప్పుకోవాలి. ఆలోచిస్తూ ఆలోచిస్తూ వంటశాల వైపు నడిచాడు.

మర్నాడు సభ. దివానుగారూ, ఉద్యోగులూ వసారాలో కూర్చున్నారు. మొదలియారు హాలు మధ్య నిలబడి, గొంతు సవరించుకుని "కన్వీన్" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"మనల్నేనా?" అన్నారు దివానుగారు.

"కాదనుకుంటానండీ. కన్వీన్ ఖజానావారిది" అన్నాడు పక్కాయన.

"మాది అసెంబుల్ అని చెప్పారే" అన్నారు ఖజానావారు.

మొదలియారు మిగతావి కూడా వరసగా పిలిచాడు. ఒక్కొక్క మాటకీ అందరూ పక్కవాడి వంక మర్యాదగా చూశారు. రాజావారు విసుక్కుని, ఏ మాట ఎవరిదో తామే విప్పి చెప్పడం మొదలుపెట్టారు. ఆ విప్పడం మిట్టమధ్యాహ్నం దాకా సాగింది. సభలో కడుపులు గుర్రుమంటున్నాయి.

అప్పుడు వంటశాల గుమ్మం దగ్గర డప్పు మోగింది. డండ డండ డన్, డండ డండ డన్.

పంక్తి దరువు! ఆకులు వేశారని అర్థం. రాజావారి తాతగారి నాటి నుంచి ఆ కోటలో రాజూ నౌకరూ ఒకే పంక్తిన తింటారు. ఆలస్యంగా వచ్చినవాడికి పనసపొట్టు కూర మిగలదు.

మొదట లేచింది మొదలియారు. ఆరు నెలల బట్టి ఆ దరువు ఎరిగినవాడు. ఉత్తరీయం నడుముకి చుట్టుకుంటూ దూసుకుపోయాడు. వెనక దివానుగారు, ఆయన వెనక ఖజానావారు. రాజావారు మాట సగంలో ఆపి, వేళ్ళ ఉంగరాలు ఊడదీసుకుంటూ, ఒక కాలికే పాదరక్షతో వంటశాల గుమ్మానికి వచ్చి పడ్డారు.

గుమ్మంలో కామన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన గంగులు.

"గంగులు అబద్ధపు దరువు వెయ్యడు ప్రభూ. అందుకని ఇవాళ వంట ఘడియ ముందే చేయించాను. అయితే ఒక సందేహం. ఏలినవారు ఇప్పుడు మస్టర్ అయి వచ్చారా, ఫ్లాక్ అయి వచ్చారా?"

రాజావారు తమ పాదం చూసుకున్నారు. వెనక్కి చూశారు. సభంతా అక్కడే ఉంది.

"మొదలియారుగారూ, దీన్ని ఏమంటారు?"

మొదలియారు నోటినిండా పనసపొట్టు కూర.

రాజావారు ముందు మీసాల్లో నవ్వారు, తరవాత గుమ్మం పట్టుకుని నవ్వారు. గంగులు మాన్యానికి మరో ఎకరం కలిపి అక్కడికక్కడే పట్టా రాయించారు. శుక్రవారం దండోరాకి డప్పు చాలన్నారు.

"నీకేం కావాలి కామన్నా?"

"నా ఇంగ్లీషు ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయింది ప్రభూ. రెండో ముక్క ఉన్న మందుసీసా ఇప్పించండి."

రాజావారు తమ అజీర్తి మందు సీసాని, దాని కింద పెట్టిన వెండి పళ్ళెంతో సహా ఇప్పించారు. కామన్న సీసాని వెలుతురుకి ఎత్తి, కూడబలుక్కుని చదివాడు.

"ఏమని ఉందోయ్?"

"భోజనం తరవాత అని ఉంది ప్రభూ" అంటూ రాజావారి పక్క ఆకు ముందు కూర్చున్నాడు.