సముద్రపువ్వుకి కట్టిన మొలతాడు

ఇలా దగ్గరికి జరుగు కన్నా, దుప్పటి సరిగ్గా కప్పుకో. ఊఁ కొట్టకపోతే కథ ఆపేస్తాను, తర్వాత ఏడిస్తే నాకు తెలీదు.

అనగనగా కాకినాడలో, రేవుకి దగ్గర్లో ఓ వీధి. ఆ వీధిలో వరహాలమ్మ అనే అత్త, హైమ అనే కోడలు ఉండేవాళ్ళు. హైమ మొగుడికి ఓడ మీద పని. ఏడాదికి రెండు నెలలు ఇంట్లో ఉంటే, పది నెలలు నీళ్ళ మీదే. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా పిల్లల్లేరు. కొడుకుని ఎవరూ ఏమీ అడగరు గానీ, కోడల్ని మాత్రం అత్త రోజూ అడిగేది. కాఫీ తాగుతూ అడిగేది, కూర తరుగుతూ అడిగేది. అబ్బ, ఆవిడ నోరు నోరు కాదు.

అప్పుడు ఆ మొగుడు ఓ గాజు తొట్టి కొని, ఉప్పునీళ్ళు నింపి, నాలుగు చేపల్నీ ఓ సముద్రపువ్వునీ అందులో వేసి వెళ్ళాడు. పేరుకి పువ్వే గానీ అదీ ప్రాణే. రాతిని పట్టుకుని, వేళ్ళలాంటి రేకులు ఊపుకుంటూ కూర్చునేది. రొయ్యముక్క పెడితే గుటుక్కున మింగేది. హైమకి అదే లోకమైపోయింది.

ఒకరోజు ఆ పువ్వు సాగి సాగి, నడిమికి చిరిగి రెండయింది. దానికి మంత్రసానీ అక్కర్లేదు, పురిటిగదీ అక్కర్లేదు. నోరులేని పురుగు కూడా పిల్లని కన్నదని అత్త దెప్పింది. హైమ తొట్టి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి రెండు కాస్తా మూడయ్యాయి. చుట్టుపక్కల వాళ్ళు చూడ్డానికొస్తే, వాళ్ళముందూ అత్త అదే మాట అంది. పాపం, హైమ వాళ్ళకి కాఫీలు కలిపిచ్చింది.

ఆ తర్వాత మూడు నాలుగయ్యాయి. ఆరోజు హైమ పైకే నవ్వింది. వంటింట్లో ఉన్న వరహాలమ్మకి ఆ నవ్వు వినబడింది. ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. ఈ పిల్ల నవ్వుని ఇన్నాళ్ళూ నేనే మింగేశానే అని ఆవిడ మనసు చివుక్కుమంది.

అప్పుడు హైమ తమ్ముడి నిశ్చితార్థానికని మూడు రోజులు పుట్టింటికెళ్ళింది. వరహాలమ్మ కోడలికి మంచి చెయ్యాలనుకుంది. పసిబిడ్డకి దిష్టి తగలకుండా మొలతాడుకి రాగి చిల్లుకాణీ కడతారు కదా? పెట్టె అడుగునుంచి అలాంటివి నాలుగు వెతికి తీసింది. తన కొడుక్కి కట్టింది అందులో ఒకటి. నల్లతాడుకి గుచ్చి, ఒక్కో పువ్వు పక్కన ఒక్కోటి నీళ్ళలోకి దింపి, జోల కూడా పాడింది.

ఆ తర్వాత హైమ తిరిగొచ్చి, తిన్నగా తొట్టి దగ్గరికెళ్ళింది. చేపలు బాగానే ఉన్నాయి. పువ్వులు మాత్రం నాలుగూ ముడుచుకుపోయి, గంజిలా జారిపోతున్నాయి. ఉప్పునీళ్ళలో నానిన రాగి ఆ ప్రాణికి విషం. ఆ సంగతి వరహాలమ్మకి తెలీదు, తెలుసుకోనూ లేదు.

ఆవిడ అక్కడే కూలబడి, చల్లగా ఉండాలనే కట్టానమ్మా అని ఏడ్చింది. అదీ నిజమే. హైమ కాణీలు నాలుగూ తీసి అత్త ఒళ్ళో పెట్టింది.

"పిల్లల్లేనప్పుడు రోజూ అడిగారు అత్తయ్యా," అంది. "ఉన్నప్పుడు ఒక్క మాట అడగలేకపోయారా?"

వరహాలమ్మ ఆ కాణీల్ని కొంగున ముడేసుకుంది, బతికినన్నాళ్ళూ కోడల్ని మళ్ళీ పిల్లల సంగతి అడగలేదు.

కథేమో కంచికెళ్ళె, ఉప్పేమో కడలికెళ్ళె,
కసిరిన నోరు మూగబోయె, కన్నా, నీకు నిద్రవచ్చె.