రెండు ముళ్ల చుట్ట

ఆశీర్వాదం మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో చెప్పడు. పొయ్యి దగ్గరకి లాక్కెళ్లి ఏదో ఒకటి వండిస్తాడు, అంతే. ఇరవై ఏళ్లు ఇటలీ ఓడల్లో వంట చేసొచ్చిన మనిషి, ఇప్పుడు విశాఖలో ఇంటి దగ్గరే వంట నేర్పుతున్నాడు.

ఆ ఆదివారం నేర్చుకునేవాళ్లలో సలోమి ఒక్కతే వచ్చింది. వాళ్లమ్మ పోయి నాలుగు నెలలు. ఇంట్లో తనూ నాన్నా ఇద్దరే, అయినా చెయ్యి మాత్రం ముగ్గురికీ బియ్యం పోసేస్తుంది. గిన్నెలో మిగిలిన అన్నం కంటపడితే చాలు, నాన్న సగంలో చెయ్యి కడిగేసుకుంటాడు. మనిషి చిక్కి శల్యమైపోతున్నాడు. అదే అడిగేసింది.

"మాస్టారూ, ఇద్దరికి వండడం ఈ చేతికి ఎప్పుడొస్తుంది?"

"మాంసం తియ్యి," అన్నాడాయన.

ఇటలీ చుట్టలు. కాల్చేవి కాదు, తినేవి. పెద్దమాంసం పల్చటి ముక్కలు బండతో తట్టి, పైన వెల్లుల్లి, కొత్తిమీర, చీజు, బ్రెడ్డు పొడి, కిస్‌మిస్ పరిచి, చాపలా చుట్టి దారంతో కట్టేయాలి. మాస్టారు నాలుగు కట్టాడు. తినేదేమో ఆయనా, ఆయన భార్య సువార్తమ్మా, సలోమీ. ఎవరో చుట్టాలొస్తారేమోలే అనుకుంది.

మాస్టారు టమాటాల కోసం పెరట్లోకెళ్లాడు. అప్పుడు చూసింది సలోమి. ఒక చుట్టకి మాత్రం రెండు ముళ్లు. విప్పి చూస్తే లోపల ఒక్క కిస్‌మిస్ కూడా లేదు. పాపం, ముసలాయన మర్చిపోయాడనుకుంది. గుప్పెడు కుక్కి, మళ్లీ ఉన్నదున్నట్టు రెండు ముళ్లూ వేసి పెట్టేసింది.

టమాటా పులుసులో సన్నసెగ మీద రెండు గంటలు ఉడికాయి. ముగ్గురూ కూచున్నారు. చుట్టాలెవరూ రాలేదు. మాస్టారు తనది తినేసి, రెండు ముళ్లది కూడా తన కంచంలోకే తీసుకున్నాడు. దారం విప్పి ఓ చివర కొరికాడు. నమిలే దవడ అలాగే ఆగిపోయింది.

సువార్తమ్మ ఆయన మొహం చూసి, కంచంలోకి చూసి, అప్పుడు సలోమి వైపు తిరిగింది.

"మా ప్రవీణకి కిస్‌మిస్ పడదమ్మా."

ప్రవీణ వాళ్ల కూతురట. పోయి తొమ్మిదేళ్లట. ఎంత వద్దనుకున్నా ఆయన చెయ్యి ఇంకోటి కట్టేస్తుందట, మొదట్లో ఏడ్చి దాన్ని అవతల పారేసేవాళ్లట, ఇప్పుడు ఆయనే తినేస్తాడట. సలోమికి నేల విచ్చుకుంటే బావుణ్ణనిపించింది.

మాస్టారు చుట్ట విప్పదీసి, కిస్‌మిస్‌లు ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెట్టాడు. చాలాసేపు పట్టింది. తర్వాత రెండుగా కోసి, కొరకని సగం సలోమి కంచంలో వేశాడు.

"చెయ్యి నేర్చుకోదమ్మా," అన్నాడు. "నీ సగం నువ్వు తిను."