గంజిగుట్ట మీద గంట లేని గుడి

పూర్వం, నల్లమల కొండలు తూర్పుకు ఒదిగి మెట్టచేలలో కలిసిపోయే చోట, నేడు గంజిగుట్ట అని పిలుచుకునే ఎర్రరాతి గుట్టకు ఇంకా ఏ పేరూ లేని కాలంలో, దాని పాదాన ఉన్న చిన్నపల్లెలో సువార్తమ్మ అనే భక్తురాలు నివసించేది. భర్త గతించాడు. కొడుకు రాళ్లు కొట్టే పనికి దూరదేశం పోయాడు. కోడలు మార్తమ్మతో కలిసి కూలికి పోతూ కాలం గడిపే ఆ మనిషికి దేవుడిచ్చిన ఆస్తి ఒక్కటే, గొంతు. ఆమె గుట్టమీద నిలబడి కోడలిని కేకేస్తే పక్కవూరి బీళ్లలో గొర్రెలు మేత మాని తలలెత్తేవట.

గుట్ట నెత్తిన ఆ పల్లె విశ్వాసులు స్వహస్తాలతో నిర్మించుకున్న ప్రార్థనామందిరం ఉండేది. మట్టిగోడలు, బోదగడ్డి కప్పు, వాకిట్లో మాత్రం దివ్యమైన రాతి కమాను. అది గంట కోసం కట్టిన కమాను, కాని గంట లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వీళ్ల వ్యవహారం అని చుట్టుపట్ల ఊళ్లవాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వును సహించలేక, ఎలాగైనా కంచుగంట తెచ్చి ఆ కమానుకు వేలాడదీయాలని పల్లె ఆడవాళ్లంతా ఒక మొక్కు మొక్కారు. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా, ఎసట్లో పోయబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే పెట్టడం, ఆదివారం ఆ పిడికిళ్లన్నీ తెచ్చి మందిరంలోని పెద్దకుండలో పోయడం, కుండ నిండి పొర్లిన నాడు ఆ గింజలమ్మి గంట కొనడం. కొర్రబియ్యం, సజ్జలు, జొన్ననూక కలగలిసిన ఆ కుండకు దేవుడి కుండ అని పేరు వచ్చింది. దాని కావలి సువార్తమ్మది. ఆ గంట మోత విన్నాకే కన్నుమూస్తానని ఆమె పంతం.

ఇలా ఉండగా, అప్పుడప్పుడు కాలినడకన వచ్చి వాక్యం చెప్పిపోయే ఉపదేశి దానియేలయ్యగారు ఒక ఆదివారం అననీయ, సప్పీరాల వృత్తాంతం చెప్పారు. ఆ దంపతులు పొలం అమ్మి, దేవునికి తెచ్చిన సొమ్ములో కొంత చాటున దాచుకుని, ఉన్నదంతా ఇదేనని బొంకి, ఒకరి తరువాత ఒకరు నిలుచున్న చోటనే కూలి ప్రాణాలు విడవగా, పడుచువాళ్లు మోసుకుపోయి పాతిపెట్టారట. దానియేలయ్యగారు చెప్పడం ఎలా చెప్పారో గాని, సప్పీరా నేలకొరిగిన చప్పుడు ఆ పల్లెవాళ్లందరికీ వినబడింది. అది మొదలు దేవుడి కుండ మూత తీయాలన్నా సువార్తమ్మ ముందు ప్రార్థన చేసుకునేది.

తరువాత కరువు వచ్చింది. మబ్బు కమ్మడం, గాలి లేవడం, మబ్బు పోవడం, ఇదే వరస. బ్రతికుంటే బలుసాకు తినవచ్చునని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఏడు పల్లెవాళ్లు ఆ బలుసాకే తిన్నారు, అదీ వెతుక్కుని తిన్నారు. అయినా దేవుడి కుండ అంచులదాకా నిండి మందిరంలో అలాగే ఉంది. ప్రార్థనకు వచ్చినవాళ్లు దానివంక చూసి చూపు తిప్పుకునేవాళ్లే తప్ప ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. అంతటి భయం, అంతటి భక్తి వాళ్లవి.

ఒకనాడు పొద్దెక్కిన వేళ ఏ ఊరివాళ్లో, ఏ కులంవాళ్లో తెలియని జనం, కరువుకు దేశం పట్టి పోతున్నవాళ్లు, నీడ కనబడిందని గుట్టెక్కి మందిరం గోడవారన కూలబడ్డారు. అడుక్కోవడానికి కూడా ఓపిక లేదు వాళ్లకు. వాళ్లలో ఒక తల్లి ఒళ్లో పసిబిడ్డ నోరు తెరిచి ఏడుస్తోంది గాని ఆ ఏడుపుకు శబ్దం లేదు. తన గొంతు చూసుకుని మురిసిన సువార్తమ్మ గొంతు లేని ఆ ఏడుపు చూసి ఇక నిలవలేకపోయింది. ఆమె తిన్నగా మందిరంలోకి నడిచి కుండ ముందు నిలబడింది. సంగతి పసిగట్టిన సంఘపెద్ద ఏలియా పరుగున వచ్చి అడ్డం నిలిచాడు.

"అక్కా, ఏం చేయబోతన్నావు? అది దేవుడికి ప్రతిష్ఠించిన సొమ్ము."

"ఆ దేవుడి వాకిట్లోనే గదా తమ్ముడూ వాళ్లు పడుంది. దావీదు ఆకలేసి గుళ్లోకి పోతే, యాజకులు తప్ప ఎవురూ తినగూడని రొట్టెలు తీసి పెట్టలా? ఆ మాట యేసయ్యే చెప్పాడని నువ్వే గదా చదివింది?"

"దావీదు మారాజు. ఈళ్లెవురు? నువ్వెవురు? సప్పీరా కూడా నీకు మల్లే ఆడమనిషే, మర్చిపోమాక."

ఆ పేరు వినగానే సువార్తమ్మ కుండ మీదినుంచి చూపు తిప్పుకుంది. ఏలియా గెలిచాననుకున్నాడు. ఆమె గుట్ట దిగి ఇంటికి పోయింది.

అయితే ఆమె వెనక్కు తగ్గలేదు. చావుకు సిద్ధపడటానికి పోయింది. కుండలో చెయ్యి పెడితే చస్తానని ఆమెకు రవ్వంత సందేహం లేదు. పెట్టకపోతే ఆ బిడ్డ చస్తుందనీ సందేహం లేదు. రెంటిలో ఏది కావాలో తేల్చుకున్నాక ఇక ఆలోచించేందుకేముంది? తలారా నీళ్లు పోసుకుంది, బాప్తిస్మం నాడు కట్టిన తెల్లచీర పెట్టెలోంచి తీసి కట్టింది, మోకరించి తన ఆత్మను దేవుని చేతికి అప్పగించుకుంది. అలంకరించుకుని చావబోతున్న అత్తను చూసి మార్తమ్మ బావురుమంది.

"ఎందుకే ఆ ఏడుపు? ముందు కట్టెలు తీసుకురా," అని కసిరింది సువార్తమ్మ. "గుట్టమీద పొయ్యి పెడదాం. నేను పడిపోతే నామీద పడి ఏడుస్తా కూచోమాక. గంజి అడుగంటుద్ది. గరిటె నువ్వు పట్టుకో."

తెల్లచీర కట్టుకుని, చేట చేతబట్టి సువార్తమ్మ గుట్టెక్కుతుంటే పల్లె పల్లెంతా వెనకాలే నడిచింది. ఎవరూ ఆపలేదు. ఏలియా మాత్రం జాగ్రత్తపరుడు గనుక, శవాన్ని మోయడానికి ఇద్దరు బలమైన పడుచువాళ్లను వాకిట్లో సిద్ధంగా నిలబెట్టాడు. ఆమె కుండ మూత తీసింది. కళ్లు మూసుకుని చెయ్యి లోపల పెట్టింది. పిడికిలి నిండా గింజలతో చెయ్యి బయటికి వచ్చింది, మనిషి నిలబడే ఉంది. చేటెడు తీసింది, నిలబడే ఉంది. ఎసరు మరిగింది, గింజలు ఉడికాయి, గంజి కాగింది. దేవుడు వడ్డించేదాకా గడువిచ్చినట్టున్నాడు అనుకుని, ఇదే తన ఆఖరి కేకగా ఎంచి, కమాను కింద నిలబడి గొంతు చించుకుని పిలిచింది.

"గంజి కాగింది, రండి!"

మొదటి గరిటె ఆ పసిబిడ్డ తల్లికి పోసింది. రెండు గుక్కలు తల్లి నోట, ఒక చుక్క బిడ్డ నాలుక మీద పడ్డాయి. కాసేపటికి ఆ బిడ్డ కేరుమన్నది. ఆ ఏడుపు విని గుట్టమీద జనమంతా నవ్వారు. ఏడుపు విని జనం సంతోషించింది ఆ పల్లె చరిత్రలో అదే మొదలట. శవం కోసం నిలబెట్టిన పడుచువాళ్లిద్దరూ ఏం చేయాలో తోచక, బరువుగా ఉన్న గంజిబానను చెరోపక్క పట్టుకుని వరస వెంట మోయసాగారు.

కాని ఆ పిలుపు గుట్టతో ఆగలేదు. బాటల్లో, బీళ్లలో, వాగు ఇసుకలో పడి ఉన్న ఆకలిజనం దాన్ని విన్నారు. మూడుకాళ్ల ముసలివాళ్లు, చంకబిడ్డల తల్లులు గుట్టవైపు కదిలారు. సువార్తమ్మ వండేకొద్దీ వచ్చేవాళ్లు వస్తున్నారు. చివరకు కుండలో చేట పెడితే అడుగు గీరుకున్న చప్పుడయింది. ఎదురుగా ఇంకా బారెడు వరస ఉంది. అప్పుడు కూలింది ఆమె, ప్రాణం పోయి కాదు, గుండె చెదిరి. చంపడం కాదు, పిలిచినవాళ్ల ముందు వట్టి కుండతో నిలబెట్టడమే దేవుడు వేసిన శిక్ష అనుకుని ఖాళీ కుండను కావలించుకుని ఏడ్చింది.

అప్పుడు ఏలియా భార్య రాహేలు గుంపును చీల్చుకుని వచ్చింది. ఆమె పిడికిలి బిగించి ఉంది. కుండలో విప్పింది. గలగలమని కొర్రబియ్యం రాలాయి.

"తప్పంటే నీ ఒక్కదానిదేనా వదినా?" అంది రాహేలు. "ఈ మొక్కు అందరం కలిసి మొక్కాం. దేవుడు పడగొట్టేదుంటే అందర్నీ పడగొట్టనీ."

ఆ మాటతో ఆడవాళ్లు గుట్ట దిగి ఇళ్లకు పరుగులు తీశారు. ఉట్టిమీద, గూట్లో, తలగడ కింద, రేపటికని, బిడ్డకని, చావుకని దాచుకున్న పిడికెడు పిడికెడూ తీసుకుని అదే పరుగున తిరిగి ఎక్కారు. ఒకరి పిడికిలి ఒకరు చూడకుండా ముఖాలు పక్కకు తిప్పుకుని కుండలో పోశారు. ఎవరు ఎంత పోశారో, ఎవరి ఇంట్లో అంత ఎక్కణ్నుంచి వచ్చిందో నాటికీ నేటికీ తేలలేదు. చేట పెట్టినప్పుడల్లా కుండలో గింజ ఉంది. అంతే తెలిసింది.

చిట్టచివర ఏలియా గుట్టెక్కాడు. అతని భుజాన మూట ఉంది. వానపడితే చల్లుకోవాలని ఇంటికప్పులో, భార్యకు కూడా చెప్పకుండా దాచిన విత్తనపు జొన్నలు అవి. మూట కుండ పక్కన దించి, తలపాగా తీసి, సంఘమంతా వినేటట్టు చెప్పాడు.

"సప్పీరా తీసి పెట్టినందుకు చావలేదు, దాచి బొంకినందుకు చచ్చింది. ఇందాక ఆ పేరెత్తి నిన్ను బెదిరిచ్చినప్పుడు ఈ మూట నా ఇంటికప్పులోనే ఉందక్కా. సప్పీరావి నువ్వు కాదు, నేను."

సువార్తమ్మ కళ్లు తుడుచుకుని అతనివంక చూసింది. "అయితే పడిపోకముందే ఆ పొయ్యికింద రెండు కట్టెలెగదొయ్యి తమ్ముడూ," అంది. ఏలియా మొదట బిత్తరపోయి, తరువాత నవ్వి, పొయ్యి ముందు కూర్చున్నాడు.

వానలు పడేదాకా ఆ పొయ్యి ఆరలేదు, ఆ కుండ అడుగు కనబడలేదు. దేవుడు గింజలను వృద్ధిచేశాడని కొందరు, ఆడవాళ్ల పిడికిళ్లు నింపాయని కొందరు అంటారు. ఆ పిడికిళ్లు విప్పించింది ఎవరని అడిగితే మళ్లీ మొదటివాళ్ల మాటే వస్తుంది గనుక ఈ విషయమై గుట్టమీద తగువులాడేవాళ్లు లేరు. చల్లుకోవడానికి విత్తనాలెక్కడివని అంటారా? గంజి తాగి ప్రాణాలు నిలుపుకుని తమ ఊళ్లకు మళ్లినవాళ్లే, తొలకరి కాగానే తలా ఒక పిడికెడు తెచ్చి ఇచ్చారు. సువార్తమ్మ ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది. పంతం పట్టిన గంట మోత వినకుండానే కన్నుమూసింది. ఆ సంగతి ఆమెకే గుర్తు లేదట.

నేటికీ గంజిగుట్ట మీద గంట లేదు. మట్టిగుడి రాతిగుడి అయింది, కమాను మాత్రం నాటిదే. గంట ఉండవలసిన చోట ఒక కుండ వేలాడుతుంది. కలిగినవాళ్లెవరైనా కంచుగంట కానుకగా తెస్తే, పెద్దలు దండం పెట్టి, గంట లేని మరో గుడికి పంపిస్తారు. గుడి లోపలి పెద్దకుండకు తాళం ఉండదు. పోసేవాళ్లు పోస్తారు, కావలసినవాళ్లు తీసుకుంటారు, ఆ సమయంలో దగ్గరున్నవాళ్లు ముఖం పక్కకు తిప్పుకోవడం అక్కడి మర్యాద. ఆదివారం ఉదయం పల్లెలోకెల్లా పెద్దావిడ తెల్లచీర కట్టుకుని, గంజి కాగిన పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడుతుంది. పక్కనే ఒక కోడలుపిల్ల నిలబడాలి. పెద్దావిడ ఆ పిల్లవైపు తిరిగి, "నేను పడిపోతే గరిటె నువ్వు పట్టుకో," అంటుంది.

"పడవులే అత్తా, పిలువు," అంటుంది ఆ పిల్ల.

అప్పుడు ఆమె కమాను కిందికి వచ్చి, వాగు అవతలి బాటసారులకు కూడా వినబడేటట్టు, ఆరాధనకు పిలుస్తుంది.

"గంజి కాగింది, రండి!"