కెరటానికీ కెరటానికీ మధ్య

పాస్టరు బర్నబా అయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే నోటితో జవాబు చెప్పేవారు కారు, చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. దేవుడు నా ప్రార్థన ఎందుకు వినడండీ అని అడిగిన ఒక పెద్దమనిషిని మూడు వారాలపాటు మందిరంలో చెవిటి ముసలమ్మ పక్కన కూర్చోబెట్టి, పాట పాటకీ ఆమె చెవిలో చరణాలు చెప్పించారట. ఆయనకు జవాబు దొరికిందో లేదో గాని, ముసలమ్మకు మాత్రం పాటలన్నీ వచ్చేశాయి. అలాంటి గురువు గుమ్మంలోకి ఒక ఆదివారం తెల్లవారుతూనే శిష్యుడు ఫిలేమోను వచ్చి నిలబడ్డాడు. రాత్రంతా కన్ను మూయలేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఒక్క మాట సెప్పండి అయ్యగారూ. మా అన్నకీ నీళ్లే దక్కినాయి. ఆ నీళ్లు ఆణ్ణి మింగేసినాయి. ఆణ్ణి సంపినోడికి అదే సంద్రం నీళ్లు రక్షణెలాగౌతాయి?"

ఈ కోపం ఎక్కడిదో తెలియాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. అది సముద్రాన్ని నమ్ముకుని బతికే ఊరు. తుపాను రోజుల్లో ఫిలేమోను అన్న కొర్లయ్య, తాతారావు అనే నేస్తంతో కలిసి వేటకు వెళ్లాడు. ఇద్దరు వెళ్లిన పడవలో ఒక్క తాతారావే తిరిగొచ్చాడు. "వల తాడు తెగిపోయింది, తాడు పట్టుకున్న మనిషీ పోయాడు" అని ఒడ్డున పడి ఏడ్చాడు. తాళ్లు తెగడం ఆ ఊరికి కొత్త కాదు గనక అందరూ నమ్మారు. కొర్లయ్య భార్య పోలమ్మ అతణ్ణి అన్నా అని పిలిచి, సంవత్సరీకం నాడు తన చేత్తో అన్నం వడ్డించింది. ఫిలేమోను బావా అంటూ అతని భుజంమీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ భుజం సంగతే ఇప్పుడు తలుచుకుంటే అతనికి ఒళ్లు మండిపోతోంది.

అయ్యగారి సంఘంలో, బాప్తిస్మం కోరినవాళ్లు ముందురోజు సాయంత్రం మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పుకోవాలి. తాగిన సంగతులూ, తగువులాడిన సంగతులూ వినడానికి జనం సగం భక్తితో, సగం సరదాతో వస్తారు. దాచడం దేనికి, మనమైనా వెళ్తాం. ఆ శనివారం తాతారావు లేచి చాలాసేపు నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. వెనక వరసలో ఎవడో "సారా లెక్క గుర్తు రావట్లేదేటి మావా?" అంటే కొందరు నవ్వారు కూడా. అప్పుడతను తలెత్తి, "తాడు తెగలేదండి. నానే కోసినాను," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. అతను చెప్పుకుంటూ పోయాడు. నిండు వల పడవని ఒక పక్కకు ఒరగదీసేస్తోంది. కెరటం కొట్టి కొర్లయ్య నీళ్లలో పడ్డాడు, పడుతూ వల తాడు పట్టుకున్నాడు. బావా లాగు, బావా లాగు అని అరిచాడు. "లాగితే పడవ తిరగబడిపోద్ది, ఇద్దరం పోతామనుకున్నాను. కత్తి తీసినాను. ఆడు కత్తిని సూడలేదండి. నా మొహమే సూస్తన్నాడు." అంతటితో పోలమ్మ లేచి, కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. ఫిలేమోను ముందు వరసవాళ్ల తలలమీదుగా దూకాడు. నలుగురు పట్టుకుంటే ఆగాడు గాని, లేకపోతే ఆ మందిరంలోనే అన్న రుణం తీర్చుకునేవాడు.

ఇదీ సంగతి. ఇప్పుడతను గుమ్మంలో నిలబడి జవాబు కోసం చూస్తున్నాడు. అయ్యగారు తెల్ల పంచె బిగించి కట్టుకుంటూ, "పద, సముద్రం పోటు మొదలవకముందే దిగాలి," అన్నారు.

నాలుగేళ్ల కిందట పడవ అంచు తగిలి ఆయన ఎడమ భుజం జారిపోయింది. అప్పటినుంచి బాప్తిస్మాలకు ఒక పద్ధతి ఏర్పడింది. దేవుడి నామం ఉచ్చరించి మనిషిని నీళ్లలోకి దించేది అయ్యగారు, పైకి లేపేది ఫిలేమోను. దించడం నా పని, లేపడం నీ పని అని ఆయన నవ్వుతూ అంటూ ఉండేవారు. ఈ పూట నవ్వలేదు.

"నాను రాను," అన్నాడు ఫిలేమోను. "ఇంకెవుణ్ణైనా పిలండి. ఊరినిండా ఈతొచ్చినోళ్లే."

"ఉన్నారు. కాని ప్రశ్న అడిగింది నువ్వు."

"అయ్యగారూ, ఆడి మెడ నా సేతికి దొరికితే ఏటి సేస్తానో నాకే తెలవదు!"

"నాకూ తెలియదు," అని ఆయన చెప్పులు విడిచి ఇసుకలోకి దిగిపోయారు. ముసలాయన ఒంటి భుజంతో ఒక్కడే కెరటాలకేసి నడుస్తుంటే ఫిలేమోను కాసేపు చూశాడు. తర్వాత, గురువుమీద కూడా కోపం తెచ్చుకుని, వెనకాలే వెళ్లాడు.

ఒడ్డున సంఘమంతా పాట పాడుతోంది. కాని ఆ పాటలో ఎవరి మనసూ లేదు. తాతారావు తెల్ల బట్టల్లో దూరంగా నిలబడి ఉన్నాడు. అతని పక్కన నిలబడడానికి ఎవరూ ఇష్టపడలేదు. అయ్యగారు అతనితో, "నిన్ను లేపేది ఇతనే. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు, తప్పులేదు," అన్నారు.

"తెల్సండి. తెలిసే వొచ్చినాను."

"మునిగినాక అరవడానికి నోరుండదు, సూసుకో," అన్నాడు ఫిలేమోను పళ్లబిగువున.

"అరవను బాబూ," అన్నాడు తాతారావు. నిన్నటిదాకా బావా అని పిలిచిన నోరు అది.

ముగ్గురూ నడుములోతుకు వెళ్లారు. సముద్రంలో బాప్తిస్మమంటే చెరువులో ఇచ్చినట్టు కాదు. ఒక కెరటం దాటాక, రెండోది వచ్చేలోపల, నాలుగైదు ఊపిరుల వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలోనే దించాలి, లేపాలి. తాతారావు చేతులు గుండెలమీద జోడించాడు. ఫిలేమోను ఒక చేత్తో అతని మణికట్టు, మరో చేత్తో మెడ వెనక పట్టుకున్నాడు. కెరటం దాటింది. అయ్యగారు నామం ఉచ్చరించి అతణ్ణి వెల్లకిలా నీళ్లలోకి దించారు. దించి, తన చెయ్యి తీసేసి, ఒక అడుగు వెనక్కి వేశారు.

ఫిలేమోను లేపలేదు.

ఒక ఊపిరి గడిచింది. తాతారావు కళ్లు తెరిచే ఉన్నాయి. జానెడు నీళ్ల కిందనుంచి నేరుగా ఫిలేమోను ముఖంలోకి చూస్తున్నాయి. కొట్టుకోరా, అనుకున్నాడు ఫిలేమోను. మా అన్న ఆ తాడు పట్టుకుని ఎలా కొట్టుకున్నాడో అలా కొట్టుకో, నా చెయ్యి పట్టుకుని బతిమాలు, అప్పుడు చెప్తాను నీ పని. మైళ్లకొద్దీ ఈదగల మనిషి అతను. కాలు ఆనిస్తే చాలు, నిలబడగలడు. కాని అతను వేలైనా కదపలేదు. రెండో ఊపిరి, మూడోది. ఒడ్డున పాట తడబడింది. "లేపరా! సచ్చిపోతాడురా!" అని ఎవరో కేక వేశారు. ఫిలేమోను అయ్యగారికేసి చూశాడు, ఆయన ఒక్క మాట అంటే దానిమీద ఎగిరిపడదామని. ఆయన పెదవులు కదులుతున్నాయి గాని, మాట్లాడుతున్నది అతనితో కాదు.

అంతలో రెండో కెరటం మీద పడింది. మెడ కింద చెయ్యి జారిపోయింది. కెరటం వెనక్కి తీస్తూ ఆ మనిషిని లోపలికి లాగడం మొదలుపెట్టింది. ఇక ఫిలేమోను చేతిలో మిగిలింది ఒక్క మణికట్టు. తడి మణికట్టు, జారుతున్న మణికట్టు. వదిలెయ్యడానికి ప్రత్యేకంగా ఏమీ చెయ్యనక్కర్లేదు. గట్టిగా పట్టుకోకపోతే చాలు. రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట కూడా, ఎవరో అందించినట్టు, నోట్లోకి వచ్చేసింది: కెరటం లాగేసింది.

ఆ మాట అతని నోట్లో ఎంత హాయిగా ఇమిడిందంటే, అతనికి భయం వేసింది. నిన్న మందిరంలోనూ, అంతకుముందు రెండేళ్ల రాత్రుళ్లలోనూ పడని భయం అది. ఎవరి గొంతు అది? ఒడ్డున పడి ఏడుస్తూ తాడు తెగిపోయింది అన్న గొంతే కదా! ఫిలేమోను బండబూతు ఒకటి తిట్టి (దేవుడు క్షమించుగాక, బాప్తిస్మపు నీళ్లలోనే తిట్టాడు) పిడికిలి బిగించి, మునిగి, తన్నుకుంటూ, ఆ మనిషిని ఇసుకదాకా ఈడ్చుకొచ్చి పడేశాడు.

తాతారావు మోకాళ్లమీద పడి మింగిన నీళ్లన్నీ కక్కుకున్నాడు. ఇంతలో జనాన్ని తోసుకుంటూ పోలమ్మ వచ్చింది.

"బతికినావా? బతకాల. నువ్వు సచ్చిపోతే నానెవుణ్ణి అడగాల? మందిరంలో సెప్పేసి, ఒక్క మునకేసేసి గట్టెక్కేద్దామనుకున్నావేటి? రేపు ఊరి పెద్దలందరి ముందల నిలబడి, నా మొగుడు తాడు తెగి పోలేదని సెప్పు. ఊరంతా వినాల."

తాతారావు ఒంటిచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "సెప్తాను సెల్లీ."

"సెల్లీ అనకు!"

"సెప్తానమ్మా."

ఆ మాట చెప్పాక ఊరు అతణ్ణి వెలేస్తుందనీ, అతని పడవ ఎవరూ ఎక్కరనీ అక్కడున్న అందరికీ తెలుసు. అతనికీ తెలుసు. సంఘపెద్ద ఒకాయన అయ్యగారి చెవిలో, "బాప్తిస్మం అయిపోయింది కదండీ, ఇంకా అదంతా ఎందుకు?" అన్నాడు. "అయింది గనకే," అన్నారు ఆయన. పోలమ్మ వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఏడవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పుడు ఫిలేమోను గురువుమీద విరుచుకుపడ్డాడు. "మీరేల సెయ్యి తీసేసినారు? ఆ మనిషి నిజంగా పోతే?"

అయ్యగారి పంచె చివర్లనుంచి నీళ్లు కారుతున్నాయి. ఒళ్లంతా వణుకుతోంది, చలికో, మరి దేనికో. ఆ వణుకు చూసి ఫిలేమోను గొంతు కాస్త తగ్గింది.

"కెరటం లాగేసిందని సెప్పేద్దామనుకున్నాను అయ్యగారూ. మాట నోటిదాకా వొచ్చేసింది. ఈడికి కత్తైనా కావాల్సొచ్చింది. నాకదీ అక్కర్లేకపోయింది."

అంతలోనే, ఒప్పుకున్నందుకు సిగ్గేసిందో ఏమో, అతనికి మళ్లీ కోపం ముంచుకొచ్చింది. సంఘమంతా వినేలా అరిచాడు.

"అయినా సరే, నాను క్షమించలేదు! అందరూ సూస్తన్నారు, దేవుడూ సూస్తన్నాడు, అందరి ముందలా సెప్తన్నాను. మా అన్నని సంద్రంలో ఒగ్గేసినోణ్ణి నాను బతికున్నంతకాలం క్షమించను. ఇనబడిందా అయ్యగారూ?"

అయ్యగారు కిందికి చూశారు. ఇసుకలో కూలబడి ఉన్న తాతారావు మణికట్టు చుట్టూ ఫిలేమోను అయిదు వేళ్లూ, నెత్తురు ఆగిపోయి తెల్లబడేటంత గట్టిగా, ఇంకా బిగిసే ఉన్నాయి.

"వినబడింది," అన్నారాయన. "మరి ఆ చెయ్యి వదలవేం?"