గాటుపడిన మంచంకోడు

రండర్రా, ఇలా దగ్గరికి రండి. ఆ చివర నుంచున్నవాళ్ళు కూడా చాప మీదికి జరగండి. తొయ్యకండి, అందరికీ చోటుంది. ఇవాళ్టిది నవ్వించే కథ కాదు, ముందే చెబుతున్నాను. మధ్యలో లేచిపోతే మాత్రం ఊరుకోను.

అనగనగా, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో సూరీడమ్మ అని ఒకామె ఉండేది. ఆమె పుట్టిల్లు ఏటికి అవతల. తండ్రి వడ్రంగి. చిన్నప్పుడు తండ్రి చిత్రిక పడుతుంటే, చెక్క కదలకుండా రెండో కొస పట్టుకుని కూర్చునేది. అలా పట్టుకుని పట్టుకుని ఆ పని ఆమె చేతికీ వచ్చేసింది. ఆడపిల్లకి ఉలి ఎందుకని ఎవరూ ఇవ్వలేదు గానీ, ఇస్తే పట్టగలదు.

పెళ్ళయి ఏరు దాటి వచ్చింది. ఒక ఆడపిల్ల పుట్టింది, పేరు ఆదిలక్ష్మి. పిల్లకి నాలుగేళ్ళు నిండకుండానే పెనిమిటి జ్వరమొచ్చి పోయాడు. ఆ తర్వాత తల్లీ కూతురూ పూరింట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బతికారు.

అప్పుడు ఒక ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, ఆ వరసలో ఇళ్ళన్నీ అంటుకున్నాయి. సూరీడమ్మ పిల్లని చంకనేసుకుని బయటపడింది. ఇంకేమీ తేలేకపోయింది. పిల్ల బొమ్మలు, పెనిమిటి చొక్కా, గోడ మీద పసుపుతో వేసిన చిలకలు, అన్నీ పోయాయి.

ఆ తర్వాత అదే చోట ఇటుకలు పేర్చి, పైన రేకులు వేసి ఒక గది కట్టుకుంది. పిల్లని లోపలికి తీసుకెళ్ళింది. ఆదిలక్ష్మి నాలుగు గోడలూ చూసి, తల్లి కొంగు పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చింది. "ఇది మన ఇల్లు కాదు, మన ఇంటికి పోదాం" అంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అప్పుడు పొరుగూరు నుంచి అత్తగారు అప్పలనరసమ్మ వచ్చింది. ఆమె చెడ్డది కాదు. కొడుకుని పోగొట్టుకున్న మనిషి, ఆ కొడుకు గుర్తు ఈ గుంట ఒక్కతే.

"బోడి గోడలు చూసి గుంట బెదిరిపోతంది కోడలా. నా దగ్గర ఉంచుకుంటాను. దాని కళ్ళకి ఇది ఇల్లులా అవుపించేలా చెయ్యి, కబురెట్టు. నానే తీసుకొస్తాను."

"ఎన్నాళ్ళత్తా?"

"అది నీ చేతిలో ఉంది."

ఇక చూడండి, ఆ గదిని ఇల్లులా చెయ్యడమే సూరీడమ్మకి పగలంతా పని అయిపోయింది. చేతిలో ఏముందని? ఏమీ లేదు. వారానికోసారి జరిగే సంతలో సింహాద్రి అని ఒకడు విరిగిన సామాన్లు గుట్టపోసి అమ్మేవాడు. కాలు విరిగిన కుర్చీలు, తలుపు ఊడిన బీరువాలు, ఎవరికీ అక్కర్లేని చెక్కలు. సూరీడమ్మ ఆ గుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తిరగేసి చూసేది.

మొదటి సంతలో ఒక సొరుగు దొరికింది. దాని బల్ల ఎక్కడ పోయిందో, సొరుగు ఒక్కటే మిగిలింది. తెచ్చి, కడిగి, నిలువుగా గోడకి కొట్టింది. లోపల అడ్డంగా రెండు చెక్కలు పెట్టింది. మూడు అరల బొమ్మరిల్లు అయింది. మట్టితో మూడు బొమ్మలు చేసి ఒక్కో అరలో ఒక్కోటి కూర్చోబెట్టింది.

రెండో సంతలో ఒక అద్దం చట్రం దొరికింది. అద్దం లేదు, చట్రమే. దాని చుట్టూ చెక్కిన తీగ సగం అరిగిపోయింది. పాత చీరల అంచులు అడిగి తెచ్చి, చట్రంలో నిలువూ అడ్డం అల్లింది. ఎరుపూ పసుపూ ఆకుపచ్చా. పొద్దున్నే కిటికీలోంచి ఎండ దాని మీద పడితే గోడంతా పండగలా ఉండేది.

మూడో సంతలో నాలుగు మంచంకోళ్ళు, అంటే మంచం కాళ్ళు, దొరికాయి.

అబ్బ, ఏం కోళ్ళర్రా అవి. వడ్రంగి తరిమెన మీద తిప్పి గుండ్రంగా చెక్కినవి, లక్క రంగు ఇంకా మెరుస్తూనే ఉంది. ఒకదాని మీద మాత్రం వేలు పట్టేంత లోతున గొడ్డలి గాటు ఉంది.

"ఇదేటి, గాటుందేటి?" అంది సూరీడమ్మ.

సింహాద్రి అటు తిరిగి తాడు చుట్టుకుంటూ, "పాత సామానమ్మా, గాట్లుండవేటి? కావాలంటే తీసుకో, నేదంటే ఒగ్గీ" అన్నాడు.

తీసుకుంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఏటికి ఈవల ఊళ్ళలో ఒక ఆచారం ఉండేది. మనిషి ఏ మంచం మీద పోతే, ఆ మంచం గుమ్మం దాటేముందు ఇంటిపెద్ద దాని కోడు మీద ఒక గొడ్డలి వేటు వేసేవాడు. ఆ గాటు ఉన్న మంచం మళ్ళీ ఏ గడపా దాటకూడదు. దాన్ని చూడగానే అందరికీ తెలియడానికే ఆ గాటు. ఏటికి అవతల ఆ పద్ధతి లేదు. అక్కడ మంచాన్ని మంచంలాగే ఏట్లో వదిలేసేవారు. సూరీడమ్మ అవతల పిల్ల. పెనిమిటి పోయింది ఆసుపత్రి మంచం మీద. ఆమెకి ఆ గాటు తెలిసే అవకాశమే రాలేదు.

ఆమె ఏం చేసిందంటే, నాలుగు కోళ్ళనీ ఒకదాని మీద ఒకటి దిగ్గొట్టి, తన భుజమంత ఎత్తు దీపస్తంభం చేసింది. గాటుపడిన కోడుని అన్నిటికన్నా పైన పెట్టింది. ఆ గాటు చూసి సంతోషపడింది కూడా. దేవుడే ముందుగా చెక్కి ఉంచాడనుకుంది. అందులో చిన్న కొయ్య దూర్చి, కొయ్యకి ఇత్తడి ప్రమిద వేలాడదీసింది. గుమ్మంలోకి రాగానే పిల్లకి కనబడాలని, సరిగ్గా వాకిలికి ఎదురుగా నిలబెట్టింది.

అప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముగ్గురు చూడ్డానికి వచ్చారు. బొమ్మరిల్లు చూసి బాగుందన్నారు. అల్లిక చూసి బాగుందన్నారు. దీపస్తంభం చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొయ్యి మీద కూరుందని ఒకామె వెళ్ళింది. దూడని కట్టెయ్యాలని ఒకామె వెళ్ళింది. మూడో ఆమె ఏ మాటా చెప్పకుండానే వెళ్ళింది. దారిలో ముగ్గురూ కలుసుకుని మాట్లాడుకున్నారు.

"చెప్పాల్సింది కదే."

"నువ్వు చెప్పకపోయావా?"

"మనకెందుకొచ్చిన గొడవ."

చూశారా. ముగ్గురికీ తెలుసు, ముగ్గురికీ నోళ్ళున్నాయి. ఆ రోజు నుంచి ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు. పనుల రోజులు కదా, తీరిక ఉండదులే అనుకుంది సూరీడమ్మ. అనుకుని అత్తగారికి కబురు పెట్టింది.

అప్పలనరసమ్మ మనవరాలికి కొత్త గౌను తొడిగి, చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల వాకిట్లోంచే లోపల వెలుగుతున్న దీపం చూసి, "అమ్మా" అని పరుగెత్తింది. ఒక కాలు గడప మీదికి ఎత్తింది.

ముసలామె పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగేసింది. ఆమె కళ్ళు ఆ గాటు మీదే ఉన్నాయి.

"ఎవుల సావు మంచమే అది?"

సూరీడమ్మకి అర్థం కాలేదు. "సంతలో కొన్నానత్తా. గుంట కోసం చేశాను."

"గుంట కోసమా? సచ్చిపోయినోళ్ళ కోడు తెచ్చి, దీపం ఎలిగించి, గుంటని రమ్మంతన్నావా?"

"నాకు తెల్దత్తా. మా వైపు ఇలాటిది నేదు."

"తెలకపోతే అడగాల. ఊరంతా ఉంది కదే. ఒక్కర్ని అడగలేకపోయావా?"

అడగాలని తెలిస్తే కదా అడగడానికి. అప్పలనరసమ్మ పట్టుకున్న పిల్ల రెక్క వదల్లేదు. ఆమె కూడా భయపడుతోంది. కొడుకు పోయాడు, ఈ ఒక్క గుంటా ఉంది.

"ఈ మైల పోవాలంటే ఏడాది తిరగాల. అందాకా ఈ గడప దీని చేత తొక్కించను" అని, ఏడుస్తున్న పిల్లని భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సూరీడమ్మ దీపస్తంభాన్ని బయటికి ఈడ్చి ముక్కలు చేసింది. లోపలికి వచ్చి సొరుగు వంక చూసింది. ఇది ఎవరి ఇంటిదో? చట్రం వంక చూసింది. ఇందులో ఎవరు ముఖం చూసుకునేవారో? ఇక ఆ గదిలో ఏ వస్తువునీ నమ్మలేకపోయింది. సొరుగూ పీకేసింది, అల్లికా పీకేసింది. గోడలకి మేకులు పోయిన బొక్కలు మిగిలాయి.

ఆ ఏడాదిలో మూడుసార్లు పొరుగూరు వెళ్ళింది, పిల్లని చూసుకోవడానికి. మొదటిసారి ఆదిలక్ష్మి పరుగెత్తుకొచ్చి నడుము చుట్టేసింది. రెండోసారి వచ్చి పక్కన కూర్చుంది. మూడోసారి గచ్చకాయలు ఆడుతూ, అక్కడి నుంచే చెయ్యి ఊపింది.

ఏడాది తిరిగింది. గోడలకి సున్నం వేయించింది. గోడల మీద ఏమీ పెట్టలేదు, పెట్టే ధైర్యం లేదు. అప్పలనరసమ్మ మాట తప్పే మనిషి కాదు. చెప్పిన రోజుకి పిల్లని తీసుకొచ్చింది. తనే ముందు లోపలికి వచ్చి, నాలుగు మూలలూ చూసి, "ఊఁ, రా అమ్మా" అంది. ఆమె గొంతులో కోపం లేదు.

పిల్ల లోపలికి వచ్చింది. ఏడవలేదు. బెదరలేదు. గోడలకేసి చూడనైనా చూడలేదు. చాప వేస్తే, కొసన ఒద్దికగా కూర్చుంది. గౌను మోకాళ్ళ మీదికి లాక్కుంది. సూరీడమ్మ ఎదురుగా నిలబడి, పిల్ల నోట్లోంచి ఏ మాట వస్తుందా అని ఎదురుచూసింది.

కాసేపటికి ఆదిలక్ష్మి మూలనున్న కుండ వైపు చూసి, లేచి నిలబడి, చేతులు కట్టుకుని, మెల్లగా అడిగింది.

"అమ్మా, మంచినీళ్ళు తాగొచ్చా?"

సూరీడమ్మ తల ఊపింది. పిల్ల గ్లాసు ఎత్తి పట్టుకుని, పెదవికి తగలకుండా, ఒక్క చుక్క కింద పడకుండా తాగింది. తాగి, గ్లాసు ఎక్కడిది అక్కడ బోర్లించింది. చుట్టాలింట్లో ఎలా ఉండాలో మామ్మ బాగా నేర్పింది.

అంతేనర్రా. ఇంకా ఏమైందని అడక్కండి.

కథేమో కంచికి వెళ్ళింది,
పొయ్యి మీద కూడు ఉడికింది,
వీధిలో పొద్దు వాలింది,
మిమ్మల్ని అమ్మ పిలిచింది.

లేవండి, లేవండి. ఇళ్ళకెళ్ళి అన్నాలు తిని పడుకోండి. దాహమేస్తే ఎవర్నీ అడక్కండి. మీ కుండే, ముంచుకుని తాగండి, కింద ఒలికినా పర్వాలేదు.