భజనకొచ్చిన గడపలు

అక్కను చూడాలనుంది. ఈ ఒక్క మాటను సుంకులు ఏనాడూ నోరు తెరిచి అనలేదు. అమ్మతో అనలేదు, పిండి రుబ్బుతూ రోలుతోనైనా అనలేదు. అంటే పైవీధి పరువు పోతుంది మరి.

బుద్ధిమెట్టలో పరువంటే తెలివే. ఆ ఊరివాళ్ళకు తమ తెలివి మీద ఎంత గురి అంటే, పొరుగూళ్ళ వాళ్ళకు ఒకటి చెప్తే ఇంకొకటి ఊహించుకుంటారని తెగ జాలిపడేవాళ్ళు. "మనకా పీడ లేదబ్బా. ఎంత చెప్తే అంత. ఆ మాట మీద వెంట్రుకంత ఎక్కువ లేదు, తక్కువ లేదు" అని పాలకేంద్రం అరుగు మీద కూర్చుని ఒకరినొకరు మెచ్చుకునేవాళ్ళు.

అంత తెలివైన ఊరు ఒక గుడ్డు దగ్గర రెండుగా చీలింది. కిందవీధి కోడి వచ్చి పైవీధి గంపలో గుడ్డు పెట్టింది. గుడ్డు కోడిదా, గంపదా? తేలలేదు. "మీ గడప తొక్కితే ఒట్టు" అని వీళ్ళన్నారు. "మీ గడప తొక్కితే మాకూ ఒట్టే" అని వాళ్ళన్నారు. అంతే, రాకపోకలు బంద్. ఊరుమ్మడి భజన చెక్కలను కూడా న్యాయంగా పంచుకున్నారు. జతలో ఒక చెక్క పైవీధికి, రెండోది కిందవీధికి. ఒంటి చెక్క దేనికి తగిలి మోగుతుంది? తాతల నాటి చెక్కభజన అటకెక్కింది.

సుంకులు అక్క మద్దక్కను ఇచ్చింది కిందవీధికే. గొడవ తర్వాత ఆమెకు బిడ్డ పుట్టింది. ఇప్పుడు బోసినోటితో నవ్వుతోందట. ఆ నవ్వు ఎట్లుంటుందో సుంకులుకు తెలీదు.

అందుకే తన ఈడు వాళ్ళు తిప్పయ్యనూ ఓబుళేసునూ కూర్చోబెట్టి ఎత్తు చెప్పింది. "మళ్ళీ భజన ఎత్తుకుందాం. చెక్కకు చెక్క తగలాలంటే కిందవీధోళ్ళు రావాల్సిందే కదా."

"తగలాలంటే రావాల" అన్నాడు తిప్పయ్య.

"వస్తే తగులుతుంది" అన్నాడు ఓబుళేసు.

"ఏం బుర్రలురా మనవి" అని ముగ్గురూ పొంగిపోయారు.

పక్క ఊరి నుంచి భజన గురువు కుళ్ళాయప్ప తాతను పిలుచుకొచ్చారు. బడి మైదానంలో పైవీధి పిల్లలంతా గుండ్రంగా నిలబడ్డారు, ఒంటి చెక్కను తొడకేసి కొట్టుకుంటూ.

"నేనెట్ల చేస్తే అట్ల చేయండి" అన్నాడు తాత.

ఇంకేముంది. తాత అడుగేశాడు, అందరూ అడుగేశారు. తాత దగ్గాడు, అందరూ దగ్గారు. తాత అరికాల్లో పల్లేరుకాయ దిగింది. "అబ్బా, నా కాలు" అని కూలబడ్డాడు. అందరూ "అబ్బా, నా కాలు" అని కూలబడ్డారు. తిప్పయ్య దానికి రాగం కూడా తీశాడు.

"ఒరే, అది పాట కాదురా."

"ఒరే, అది పాట కాదురా" అంటూ అందరూ తొడ మీద తాళం వేశారు.

తాత తల పట్టుకున్నాడు. ఆ భంగిమ మాత్రం అందరికీ చక్కగా కుదిరింది.

కిందామీదా పడి అడుగులు నేర్పించాక తాత అన్నాడు, "రేపు సాయంత్రం ఇక్కడే ఆడదాం. గడపగడపకూ బొట్టు పెట్టి పిలవండి." చెప్పి ఊరికి వెళ్ళిపోయాడు.

"కిందవీధి గడపలకు గూడానా?" ఓబుళేసు నసిగాడు.

"తొక్కేది లేదని ఒట్టేసినాం గానీ, బొట్టు పెట్టేది లేదని ఒట్టేసినామా?" అంది సుంకులు.

కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరారు. మద్దక్క ఇంటి ముందు సుంకులు గొంతుక్కూర్చుని, గడపకు బొట్టు పెట్టి, "గడపమ్మా, రేపు సాయంత్రం చెక్కభజన. తప్పకుండా రావాల" అంది. పిలవమన్నది గడపను గదా, అందుకని తల ఎత్తలేదు. అటుపక్క మద్దక్క కాళ్ళు కనిపించాయి. ఆమె చంక నుంచి వేలాడుతూ రెండు చిట్టి పాదాలు.

"ఓ గడపా, నువ్వొక్కదానివే పోవాల్నంటనా?" అంది మద్దక్క, గడపతోనే.

"నన్ను పిలవమన్నది గడపనే" అని గడపకు చెప్పి, సుంకులు లేచి వచ్చేసింది.

మరుసటి రోజు కిందవీధి పెద్ద, మద్దక్క మామ కొండప్ప, బాగా ఆలోచించాడు. "పిలుపు గడపకొచ్చింది. గడపకు కాళ్ళు లేవు. మనమే మోసుకుపోవాల." అంతే. గునపాలు తెచ్చి గడపలు పెకిలించారు. తలుపులు ఒరిగాయి, సున్నం రాలింది. అది చూసి పైవీధి వాళ్ళు, "వాళ్ళ గడపలు పోయి మన గడపలు పోకపోతే చిన్నతనం కాదూ?" అని తమవీ పీకారు. సాయంత్రానికి ఊరి గడపలన్నీ నెత్తిన ఊరేగి మైదానంలో ముందు వరసలో కూర్చున్నాయి.

ఆటకని తిరిగొచ్చిన తాత నోరు తెరిచాడు. "గడపలేందిరా? నేను పిలవమన్నది మనుషుల్ని."

"మనుషులన్న మాట నీ నోట రాలేదు తాతా" అంది సుంకులు.

తాత తల పట్టుకున్నాడు. ఆట మొదలైందనుకుని అందరూ తల పట్టుకున్నారు.

కొండప్ప లేచి అడ్డుకున్నాడు. "ఆట వరకే. ఎదురెదురుగా నిలబడేది లేదు, ఎదురెదురుగా మాట్లాడేది అసలే లేదు."

"పక్కపక్కన?" అడిగాడు తిప్పయ్య.

"దానికేం, నిలబడు."

పైవీధి మనిషి, పక్కన కిందవీధి మనిషి, భుజానికి భుజం రాసుకుంటూ నిలబడ్డారు. వీళ్ళ చెక్క వాళ్ళ చెక్కకు తగిలింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. ముసలాళ్ళు ఆగలేక వరసలో దూరారు. "అబ్బా, నా కాలు" దగ్గరికొచ్చేసరికి ఊరు ఊరంతా ఒక్కసారిగా కూలబడి, మళ్ళీ ఒకరినొకరు పట్టుకుని లేచింది.

ఆట ముగిశాక ఓబుళేసుకు తట్టింది. "గడపలిక్కడున్నాయి. ఇప్పుడు ఇండ్లలోకి పోతే తొక్కేది వట్టి నేలనే కదా."

ఇంకేముంది. పైవీధి కిందవీధిలోకి, కిందవీధి పైవీధిలోకి పొర్లింది. కొండప్ప మాట మీరకుండా, నోరు మెదపకుండా, ఒకరింట్లో ఒకరు మజ్జిగ తాగారు.

సుంకులు మద్దక్క ఇంట్లోకి పరుగెత్తింది. మద్దక్క గబుక్కున అటు తిరిగింది. సుంకులూ ఇటు తిరిగింది. పొయ్యి దగ్గర ఇద్దరూ వీపుకు వీపు ఆనించి కూర్చున్నారు. అక్క భుజం మీద నుంచి బిడ్డ పిన్ని జడ పట్టుకుని లాగింది. సుంకులు మెడ తిప్పి చూసింది. బోసినవ్వు.

ఇక ఆగడం తన వల్ల కాదనుకుంది. అక్కను చూడాలనుందన్న ఆ మాట అక్కకు చెప్పాల్సిందే. కానీ ఎట్లా చెప్పేది? కొండప్ప మాట దాటకూడదు. వీపు ఆనించుకునే చాలాసేపు ఆలోచించింది. చివరికి దారి దొరికింది. ఎంత తేలికైన దారి, ఇన్నాళ్ళూ తట్టనేలేదు.

ఇంటికి పోయి, అక్కకు ఫోన్ చేయాలి.